తాడుకి అవతలి మనిషి

తన పెళ్ళాం ఇంకో మగాడికి చెయ్యి అందించి నవ్వడం పాలాయన రెండుసార్లు చూశాడు. మొదటిసారి సొంత పెరట్లో, పట్టపగలు, కర్రి ఆవు తాడు చేత పట్టుకుని. రెండోసారి మూడు నెలల తర్వాత, స్టేషను పక్కనున్న ధాన్యం గిడ్డంగిలో, ఊరంతా బల్లల మీద కూర్చుని చూస్తుండగా. మధ్యలో ఆ మూడు నెలలూ ఆయనకి పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేలా గడిచాయి. ఇంట్లో తొమ్మిది ఆవులున్నాయి కాబట్టి పచ్చగడ్డికేం కొదవ లేదు.

మనిషి చెడ్డవాడు కాడు. తాగడు, తిరగడు, పాలల్లో నీళ్ళు కలపడు. ఊరి చివర పెంకుటిల్లు, వెనక పొడుగాటి కొట్టం. తెల్లవారుజామునే లేచి భార్యాభర్తలిద్దరూ చెరో వరసా పాలు పితికి, క్యాన్లు బండికెత్తి, ఏడు గంటల రైలుకి అందించాలి. పెళ్ళయి పదకొండేళ్ళు. పిల్లల్లేరు. ఇంట్లో మూడో మనిషి ఆయన అక్క. ముందు గదిలో కిటికీ దగ్గర కుట్టుమిషను పెట్టుకుని ఊరందరి బట్టలూ కుడుతుంది.

అక్కకి తొమ్మిదో ఏట జ్వరం వచ్చి రెండు చెవులూ పోయాయి. అప్పటికే మాటలు వచ్చేశాయి కాబట్టి మాట పోలేదు. కాకపోతే తన గొంతు తనకి వినపడదు. సంతోషమైనా, కోపమైనా, రహస్యమైనా ఆవిడకి ఉన్నది ఒకటే స్థాయి. ఆ స్థాయికి నాలుగు పొలాల అవతలివాడు కూడా "ఆఁ, వస్తున్నా" అంటాడు. వినికిడి పోయినా ఎదుటివాళ్ళ పెదవుల మీంచి మాట ఏరుకోవడంలో మాత్రం ఆవిణ్ణి కొట్టినవాళ్ళు లేరు. వీధికి అవతలి పక్కన ఇద్దరు గొణుక్కుంటుంటే కిటికీలోంచి చూసి, మిషను తొక్కుతూనే, వాళ్ళ మాటలన్నీ పైకి అప్పజెప్పేది. అందుకే ఆ ఊళ్ళో ఎవరికైనా గుట్టు మాట్లాడాలనిపిస్తే ఆ కిటికీకి వీపు పెట్టి నిలబడతారు.

పాలాయన అక్కతో మాట్లాడేటప్పుడు గొంతే వాడడు, పెదవులు కదిపితే చాలు. ఆవులతో, ముఖ్యంగా కర్రితో, గుసగుసగా మాట్లాడతాడు. ఇక మిగిలింది భార్య. ఆవిడతో మాట్లాడే అవసరం ఆయనకి పెద్దగా పడేది కాదు. "ఇదిగో, బాల్చీ." "ఇదిగో, అన్నం పెట్టు." పదకొండేళ్ళు దాంతోనే గడిచిపోయాయి. ఆవిడ అడగలేదు, ఈయన చెప్పలేదు.

ఇలా ఉండగా పట్నం నుంచి బొమ్మలు తీసేవాళ్ళు దిగారు. అప్పట్లో తెర మీద మనుషులు గెంతేవాళ్ళు, పడేవాళ్ళు, ఏడ్చేవాళ్ళు గానీ నోరు కదపడమే తప్ప మాట వినపడేది కాదు. వాళ్ళు తీయబోయేది పావుగంట బొమ్మ, పేరు 'బాల్చీ పెళ్ళికొడుకు'. పట్నపు సోకులరాయుడు ఒకడు పల్లెటూరి పిల్లని చేసుకుంటాడు. ఆవు పాలు పితకడం వచ్చేదాకా పిల్లని పంపేది లేదంటాడు మామగారు. ఇక చూడండి, వాడు బాల్చీలో కూర్చోవడం, పేడకుప్పలో పడడం, ఆవు వాణ్ణి తన్నడం. ఆ వేషం కట్టేవాణ్ణి జనం ముద్దుగా తూలుడుబాబు అనేవాళ్ళు. గీత గీసినట్టుండే మీసం, నెత్తిన చిన్న టోపీ. వాడు తూలితే చాలు, చచ్చిపోయేవాడు కూడా ఓసారి నవ్వి పోతాడనే పేరుండేది.

పెళ్ళికూతురి వేషానికి వాళ్ళతోపాటు ఒక నటి వచ్చింది. తెల్లటి పట్టుబట్టలు కట్టుకుని కర్రి పొదుగు మీద అలా చెయ్యి వేసిందో లేదో, కర్రి ఇలా కాలు విదిల్చింది. బాల్చీ ఒకవైపు, నటి ఒకవైపు. "ఆ గేదెతో నేను చెయ్యను!" అని ఆవిడ మధ్యాహ్నం రైలెక్కి వెళ్ళిపోయింది. కర్రిని గేదె అన్నందుకు పాలాయన ఆమెని ఈ రోజుకీ క్షమించలేదు.

డైరెక్టరు తల పట్టుకుని కూర్చున్నాడు. కొట్టంలో పాలాయన భార్య తన పాటికి తాను చుక్క ఆవు దగ్గర కూర్చుని పాలు పితుకుతోంది. డైరెక్టరు ఆ చేతుల్ని చూశాడు, ముఖాన్ని చూశాడు, లేచి నిలబడ్డాడు.

"అమ్మా, ఈ ఒక్కపూట పెళ్ళికూతురిగా చేస్తారా?"

ఆవిడ ముఖం ఎర్రబడింది. మొగుడి వైపు చూసింది. "ఏమండీ, చెయ్యమంటారా?"

ఆ క్షణంలో డైరెక్టరు కర్రి వీపు నిమురుతూ, ఇంత నిండైన ఆవుని తన జన్మలో చూడలేదనీ, తెర మీద సగం ఇదే ఉంటుందనీ అంటున్నాడు. పాలాయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "చేస్తే ఏం పోయింది? చెయ్యి" అనేశాడు. తన వేలితో తన కన్నే పొడుచుకోవడం అంటే ఇదే మరి.

పాలు పితికే ఘట్టాలన్నీ సజావుగానే అయ్యాయి. కొత్తవాళ్ళ మధ్య కర్రి కుదురుగా నిలబడాలంటే పాలాయన దాని తలకాయ దగ్గరుండి చెవిలో ఏదో ఒకటి చెబుతూనే ఉండాలి. ఏం చెబుతాడో ఎవరికీ తెలియదు. ఆ చెప్పడం ఆగితే దాని తోక లేస్తుంది, తర్వాత కాలు లేస్తుంది. అందుకని బొమ్మలో పడకుండా ఆయన్ని కొట్టం గుంజ వెనక దాక్కోమన్నారు. తన టోపీ కిందికి లాక్కుని, తాడు పొట్టిగా చుట్టి పట్టుకుని, చెవికి నోరు ఆనించి, బుద్ధిగా నిలబడ్డాడు.

ఆఖర్న సరసం ఘట్టం వచ్చింది. కొట్టానికి ముప్పై అడుగుల ఇవతల, కంచె దగ్గర, పెళ్ళికొడుకు పెళ్ళికూతురి చెయ్యి పట్టుకుని మాట్లాడాలి. "వెనకాల ఆవు కనపడాలి, లేకపోతే పల్లెటూరని ఎవడు నమ్ముతాడు?" అన్నాడు డైరెక్టరు. కాబట్టి పాలాయన ఆ గుంజ వెనకే, ఆ తాడుకి అవతలే ఉండిపోయాడు. పిడి తిప్పేవాడు తిప్పుతుంటే బొమ్మ తీసే పెట్టె కటకటమంటోంది. డైరెక్టరు రేకు బాకా నోటికి పెట్టుకుని అరుస్తున్నాడు. "మాట్లాడండి! ఏదైనా మాట్లాడండి! ఎవడికీ వినపడదు! అమ్మా, మీరూ మాట్లాడండి!"

పాలాయన చూశాడు. తూలుడుబాబు ఆవిడ అరచెయ్యి తీసుకుని తన చెంపకి ఆనించుకున్నాడు. వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఏదో అన్నాడు. ఆవిడ పకపకా నవ్వింది. పదకొండేళ్ళలో ఆ నవ్వు ఆయన విన్నది తక్కువ, ఇప్పుడు విందామన్నా పెట్టె చప్పుడు. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఆవిడ తల వంచి మాట్లాడుతూ పోయింది. ఇంత మాట ఆవిడలో ఉందా అనిపించేంత సేపు మాట్లాడింది. ఒకసారి కొట్టం వైపు కళ్ళతో చూపించింది. మణికట్టుతో కళ్ళు తుడుచుకుంది. వాడు ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు.

వెళ్ళి ఆ చెయ్యి తీసేద్దామంటే తాడు వదలాలి. తాడు వదిలితే కర్రి పోయి ఆ పెట్టెనీ పెట్టెవాణ్ణీ తొక్కేస్తుంది. "హో, హో, నా తల్లీ" అని దాని చెవిలో అంటూనే ఉన్నాడు గానీ కళ్ళు ఆ చేతి మీదనుంచి కదల్లేదు.

అంతటితో అయిపోయిందా? వాళ్ళు సామాన్లు సర్దుకుంటుంటే ఆవిడ వంటగదిలోకి పరిగెత్తింది. చేతిగుడ్డలో ఏదో ముడి కట్టి తెచ్చి వాడి చేతిలో పెట్టింది. వాడు ఆ ముడిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, కళ్ళు మూసుకున్నాడు. సాయంత్రం రైలుకి వెళ్ళిపోయారు.

ఆ రాత్రే అడిగాడు. "వాడు ఏమన్నాడు?"

"చెప్పినా మీరు నమ్మరు" అంది ఆవిడ.

"నువ్వేమన్నావు?"

"అది చెప్పను."

అంతే. ఆ రెండు మాటలూ పట్టుకుని పాలాయన మూడు నెలలు నలిగాడు. నలభై రకాలుగా అడిగాడు. తినేటప్పుడు అడిగాడు, తిననని అడిగాడు. ఏం అడిగినా ఆవిడది అదే జవాబు, ఆ చెప్పేటప్పుడు ముఖం మాత్రం పక్కకి తిప్పుకునేది. తప్పు లేనిదే ముఖం ఎందుకు తిప్పుకుంటుంది? ఆవిడ తల దువ్వుకుంటే వాడి కోసమే అనుకున్నాడు. దువ్వుకోకపోతే బెంగ పెట్టుకుంది అనుకున్నాడు. కోడిపిల్లని చూసి నవ్వితే ఆ నవ్వెక్కడిదని లెక్క తీశాడు. ఒకరోజు గడ్డం గీసుకునే అద్దంలో తన మీసాన్ని పైపెదవి మీద గీతంత సన్నగా వేళ్ళతో అణిచిపెట్టి చూసుకున్నాడు. అక్క చూసి, "దురదా?" అని అడిగింది. వీధిలోవాళ్ళంతా విన్నారు.

ఊళ్ళోవాళ్ళు ఊరుకుంటారా? ఎద్దు పుండు కాకికి నొప్పా? క్యాన్లు దింపుతుంటే స్టేషన్లో పోర్టర్లు, "ఏం పాలాయనా, మీ ఆవిడ మొగుడు ఎప్పుడొస్తున్నాడు తెర మీదకి?" అని అడిగేవాళ్ళు. గిడ్డంగి గోడకి తూలుడుబాబు కాగితం బొమ్మ అంటించాక, పాలాయన రోజూ సరిగ్గా దాని ముందే క్యాన్ల మీద క్యాన్లు పేర్చి వాడి ముఖం కనపడకుండా చేసేవాడు. భార్యతో "ఇదిగో" అనడం కూడా మానేశాడు. చెప్పుకోడానికి కర్రి ఒక్కతే మిగిలింది. పొద్దునా సాయంత్రమూ దాని చెవిలో ఒకటే గొణుగుడు.

'బాల్చీ పెళ్ళికొడుకు' ఆదివారం మధ్యాహ్నం ఆట అని తెలిసిన రోజున ఆయన అక్క గదిలోకి వెళ్ళి తలుపు వేశాడు. గొంతు లేకుండా, పెదవులతో, మొత్తం చెప్పాడు.

"బొమ్మలో వాళ్ళ నోళ్ళు కదులుతాయి కదా అక్కా. నీకు తెలుస్తుంది కదా."

అక్క మిషను ఆపింది. "తెలిస్తే?"

"తేడా మాట ఒక్కటున్నా సోమవారం పొద్దున్నే దాన్ని వాళ్ళన్నయ్య ఇంట్లో దింపేసి వస్తా."

"తేడా లేకపోతే ఏం చేస్తావ్?"

ఆ సంగతి ఆయన ఆలోచించుకోలేదు. అందుకని, "నువ్వు నాకొక్కడికే చెప్పాలి, గుసగుసగా" అన్నాడు.

"నాకు తెలీదేంట్రా? గుసగుసగానే చెప్తా!" అంది అక్క. పెంకుల మీది పావురాలు గుంపుగా లేచిపోయాయి.

ఆ పావురాల్ని చూసైనా బుద్ధి తెచ్చుకోవాల్సింది. కానీ కుళ్ళు పుట్టినవాడికి కళ్ళే కాదు, చెవులు కూడా పనిచేయవు. పుట్టినప్పటినుంచీ ఆ గొంతు వింటున్న మనిషికి, ఇంట్లో గడియారం చప్పుడు ఎలా వినపడదో అది కూడా అలా వినపడడం మానేసింది. పైగా గిడ్డంగిలో బొమ్మ ఆడినంతసేపూ ఫిడేలు, డప్పు వాయిస్తారు కాబట్టి అందులో కలిసిపోతుందని ధీమా.

ఆదివారం ముగ్గురూ బండి మీద వెళ్ళారు. గిడ్డంగి కిటికీలకి గోనెపట్టాలు కట్టి చీకటి చేశారు. ధాన్యం వాసన, జనం వాసన. తెర పక్కన కర్ర పట్టుకుని బడి మేష్టారు నిలబడ్డాడు. మధ్యమధ్య తెర మీద మాటలు రాసిన అట్టలు పడతాయి, చదువురానివాళ్ళ కోసం ఆయన వాటిని పైకి చదువుతాడు. భార్య వీళ్ళ పక్కన కూర్చోబోయింది. "నువ్వు అక్కడ కూర్చో" అన్నాడు పాలాయన. ఆవిడ రెండు వరసలు ముందుకి వెళ్ళి, రొట్టెల దుకాణం ఆవిడ పక్కన కూర్చుంది.

బొమ్మ మొదలైంది. తూలుడుబాబు రైలు దిగుతూనే తూలాడు. డప్పు దబ్బుమంది. జనం విరగబడి నవ్వారు. ఆ తర్వాత కర్రి వచ్చింది. తెరంతా కర్రే. ఆ నడక, ఆ గంగడోలు, ఆ కళ్ళు! అంతా చప్పట్లు కొట్టారు. పాలాయన తానెందుకొచ్చాడో కూడా మరిచిపోయి పక్కవాడితో, "మాదే" అన్నాడు. కర్రి వాణ్ణి తన్నింది. వాడు పేడకుప్పలో కూర్చున్నాడు. అంతమంది నవ్వుల్లో అందరికంటే గట్టిగా నవ్వినవాడు పాలాయనే.

కంచె దగ్గరి ఘట్టం వచ్చింది. ఇద్దరూ నడుము దాకా, మనిషంతేసి ముఖాలతో. సరసం కదా అని డప్పువాడు కర్రలు ఒళ్ళో పెట్టేసుకున్నాడు. ఫిడేలు సన్నగా, దోమ పాడినట్టు పాడుతోంది. ఇప్పుడు గానీ డప్పు మోగదా అని పాలాయన దేవుళ్ళందరికీ మొక్కాడు. అక్క చేతిని గట్టిగా పట్టుకున్నాడు, ఆపమన్నట్టు. మొదలుపెట్టమన్నాడని అక్క అనుకుంది.

అట్ట పడింది. మేష్టారు గొంతు సవరించుకుని చదివాడు. "'ప్రాణేశ్వరీ! నీ చేయి తాకినంతనే నా హృదయము పూలతోట ఐనది!'"

తెర మీద తూలుడుబాబు ఆవిడ అరచెయ్యిని చెంపకి ఆనించుకున్నాడు. పెదవులు కదిలాయి.

అక్క గుసగుసలాడింది. "'నా పన్ను! కింద దవడ పన్ను! రాత్రినుంచి చంపేస్తోంది!' అంటున్నాడురా!"

గిడ్డంగిలో ఫిడేలు ఆగిపోయింది. రెండు వందల తలలు వెనక్కి తిరిగాయి. అక్క కళ్ళు తెర మీదే ఉన్నాయి, ఆవిడకి తలలతో పనేముంది?

"మరదలు నవ్వుతోంది. 'మరి పీకించుకోలేకపోయారా?' అంటోంది. వాడు, 'పట్నం వెళ్ళేదాకా ఎవడు పీకుతాడమ్మా! నీ చెయ్యి చల్లగా ఉంది, కాసేపు ఇక్కడే ఉంచు తల్లీ, నీకు పుణ్యముంటుంది' అంటున్నాడు. 'మా ఇంట్లో లవంగాలున్నాయి, వెళ్ళేటప్పుడు ముడి కట్టి ఇస్తాను' అంటోందిది."

గిడ్డంగి పెంకులు ఎగిరిపోయేలా నవ్వు లేచింది. తర్వాతి అట్ట పడింది. "'నీవు లేనిదే నేను జీవింపజాలను!'" అని మేష్టారు చదవబోతే వెనకనుంచి ఎవరో, "మేష్టారూ, మీరాగండి! ఆవిణ్ణి చెప్పనివ్వండి!" అని అరిచారు. మేష్టారు కర్ర దించేశాడు.

లవంగాలు. ముడిలో ఉన్నవి లవంగాలు. పాలాయన గుండెల మీంచి ఏదో బండ దొర్లిపోయింది. ఆ వెనకే సిగ్గు ముంచుకొచ్చింది. పంటినొప్పి మనిషి మీద మూడు నెలలు కుళ్ళుకున్నానా అని తనని తానే తిట్టుకుని, ఇక చాలు అన్నట్టు అక్క భుజం తట్టాడు. చీకట్లో ఆయన పెదవులు ఆవిడకి కనపడవు. చెయ్యి విదిలించి కొట్టింది.

"ఉండరా, ఇంకా మాట్లాడుతున్నారు. వాడు, 'ఆ పెట్టె ఇంకా తిరుగుతోంది, ఏదో ఒకటి మాట్లాడమ్మా. మీ ఆయన గురించి చెప్పు. మంచివాడేనా?' అంటున్నాడు."

రెండు వరసల ముందు ఆయన భార్య తల వంచుకుంది. తెర మీది ఆవిడ కూడా సరిగ్గా అప్పుడే తల వంచింది.

"'మంచివాడే. ఎప్పుడూ చెయ్యెత్తి ఎరగడు. నోరెత్తి కూడా ఎరగడు' అంటోంది."

జనం ఇంకా నవ్వుతున్నారు. అక్క చెప్పుకుంటూ పోయింది. ఆ గొంతులో ఎక్కువా తక్కువా లేదు. ఊళ్ళో పెళ్ళయినా చావయినా అదే గొంతు.

"'అదుగో, ఆ గుంజ వెనక ఉన్నాడు. ఆ ఆవు చెవిలో ఏదో చెప్తున్నాడు. పదకొండేళ్ళనుంచి రోజూ చెప్తాడు. ఏం చెప్తాడో నాకు తెలీదు. నేను దగ్గరికెళ్తే ఆపేస్తాడు. మా ఇంట్లో తొమ్మిది ఆవులకీ పేర్లున్నాయండీ. నన్ను మాత్రం ఇదిగో అంటాడు. నాకా ఆవుని చూస్తే కడుపు మండిపోతుంది. నవ్వకండి. ఆవు మీద కుళ్ళుకునే ఆడదాన్ని లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.' వాడు, 'నేను నవ్వట్లేదు తల్లీ' అంటున్నాడు."

నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. తెర మీద ఆవిడ మణికట్టుతో కళ్ళు తుడుచుకుంటోంది. వాళ్ళ వెనక, దూరంగా, కొట్టం. కర్రి మెడనుంచి ఒక తాడు వెళ్ళి గుంజ వెనక మాయమవుతోంది. గుంజ పక్కన ఎవరిదో టోపీ అంచు, ఆవు చెవి దగ్గర, మెల్లగా కదులుతోంది. మూడు నెలలుగా ఆ ఘట్టాన్ని వెయ్యిసార్లు తలచుకున్నాడు గానీ అందులో తానెలా ఉన్నాడో పాలాయన ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు ఊరితోపాటు చూశాడు.

"ఆ వెనకున్నది నువ్వేరా తమ్ముడూ!" అంది అక్క.

తర్వాత తూలుడుబాబు ఇంకో రెండుసార్లు పడ్డాడు. డప్పువాడు ఆలస్యంగా గుర్తొచ్చి కొట్టాడు. ఎవరూ నవ్వలేదు. గోనెపట్టాలు ఎత్తేలోపే రెండు వరసల ముందు ఆ చోటు ఖాళీ అయింది.

బయటికి వచ్చేసరికి ఆవిడ బండిలో కూర్చుని ఉంది. పోర్టర్లలో ఒక్కడూ ఏమీ అనలేదు. పాలాయన తేలు కుట్టిన దొంగలా ఎక్కి పగ్గాలు పట్టుకున్నాడు. సగం దూరం వచ్చాక అక్క ఆయన మోకాలు తట్టి ధైర్యం చెప్పింది. "గుసగుసగానే చెప్పాన్లే. ఎవరూ విన్లేదు!"

భార్య ముఖం కొంగులో దాచుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో పాలాయనకి అంతుబట్టలేదు. సోమవారం వాళ్ళన్నయ్య ఇంటికి దింపేస్తానన్న మాట గుర్తొచ్చింది. దింపక్కర్లేదు, ఇంత జరిగాక రేపు ఆవిడే నడిచి వెళ్ళిపోవచ్చు. కుళ్ళుకున్న మూడు నెలల్లో ఒక్కసారి కూడా ఆయనకి ఇంత భయం వెయ్యలేదు.

ఇంటికొచ్చేసరికి పాలవేళ అయింది. లోకం మునిగినా ఆవులు ఆగవు. ఎప్పటిలాగే చెరో వరస. ఆవిడ చుక్క దగ్గర పీట వేసుకుని, నుదురు దాని డొక్కకి ఆనించి పితకడం మొదలుపెట్టింది. ఈయన కర్రి దగ్గరికి వెళ్ళి అలవాటుగా దాని చెవికి నోరు ఆనించాడు. కర్రి చెవి ఇటు తిప్పి వింటానికి సిద్ధంగా నిలబడింది. ఆయనకి మాట రాలేదు.

ఇన్నేళ్ళూ దానికి ఏం చెప్పాడు? సగం మేత గురించి, వాన గురించి. మిగతా సగం? "రాత్రంతా దగ్గుతూనే ఉందే, కషాయం పెట్టుకోమంటే ఏమనుకుంటుందో." "చలికి దాని వేళ్ళు పగిలిపోయాయి చూశావా?" "ఇవాళ ఆ నీలం బట్టల్లో ఎంత బాగుందో." "వాడితో ఏం మాట్లాడిందో, నాతో ఎందుకు మాట్లాడదో నువ్వైనా కనుక్కోవే." చెప్పాల్సిన మనిషి నాలుగడుగుల అవతల పీట మీద కూర్చుని ఉంటే, చెప్పినదంతా ఆవుకి చెప్పాడు. ఆవు కదా, ఎదురు మాట్లాడదు. మాట్లాడితే నవ్వుతుందేమో, విసుక్కుంటుందేమో అన్న భయం లేదు. ఆవిడ ఏ మాటల కోసం కుళ్ళుకుందో ఆ మాటలన్నీ ఆవిడవే. ఆయన ఇవ్వలేదు, అంతే.

పాలాయన తాడు వదిలేశాడు. వరస దాటి చుక్క దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. వెనకాల కర్రి రెండు క్షణాలు ఓపిక పట్టి, ఒక్క తన్ను తన్నింది. బాల్చీ దొర్లుకుంటూ గోడకి కొట్టుకుంది.

"తన్నేసింది చూడండి" అంది ఆవిడ, తల ఎత్తకుండానే.

"తన్ననీ" అన్నాడు.

ఆవిడ చేతులు ఆగిపోయాయి. ఆయన పేడలోనే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆవిడ చెవికి నోరు ఆనించాడు. ముందుగా ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచాడు. పదకొండేళ్ళలో ఆ నోట ఆ పేరు రావడం అదే మొదలు. ఆ తర్వాత ఒక్కొక్కటే, తడుముకుంటూ, దగ్గు దగ్గర్నుంచి మొదలుపెట్టాడు.

కొట్టం గుమ్మంలోకి అక్క వచ్చి నిలబడింది. తమ్ముడి వీపు తప్ప ఆవిడకి ఇంకేం కనపడలేదు.

"ఏంట్రా చెప్తున్నావ్? ఇటు తిరుగు!"

ఆయన తిరగలేదు. ఊళ్ళోవాళ్ళందరూ ఆ కిటికీకి ఎలా వీపు పెడతారో అలాగే పెట్టి, చెప్పుకుంటూ పోయాడు. నీలం బట్టల దాకా వచ్చి ఆగాడు. ఆయన భుజం మీంచి భార్య ముఖం గుమ్మం వైపు తిరిగింది. కళ్ళనిండా నీళ్ళున్నాయి. పెదవులు కదిలాయి, ఆ పక్కనే ఉన్న మనిషికి కూడా వినపడనంత మెల్లగా.

అక్కకి అర్థమైంది. తమ్ముడికి చెప్పాలి కదా. గుసగుసగానే చెప్పింది.

"'ఇంకోసారి చెప్పండి' అంటోందిరా!"

తొమ్మిది ఆవులూ తలలెత్తి చూశాయి.